పొడుగోడి ఫ్రీ త్రోలు, మా మామ కాఫీ

మా అత్తగారింట్లో కోడలు మామతో నేరుగా మాట్లాడదు. తగువులేం లేవు, అది ఆ ఇంటి పద్ధతి, అంతే. మామకు ఏదైనా కావాలంటే అత్తకు చెప్తాడు, అత్త నాకు చెప్తుంది. నేనేమైనా చెప్పాలంటే అదే దారిన వెనక్కి పోవాలి. ఆయన హాల్లోకి వచ్చే ముందు గుమ్మం దగ్గర ఒకసారి దగ్గుతాడు, నేను లేచి వంటింట్లోకి పోతాను. ధర్మవరంలో గొంతెత్తి మాట్లాడటం తప్ప ఇంకొకటి తెలియని ఇంట్లో పుట్టి పెరిగి, హిందూపురంలో ఈ దగ్గుల ఇంట్లోకి వచ్చిపడ్డాను. నాలుక తుప్పు పట్టిపోతుందేమోనని మొదటి ఏడాదంతా నాకు దిగులే.

మామకు బజారులో చింతపండు మండీ. మోకాళ్ళ నొప్పులు మొదలయ్యాక పొద్దున మాత్రం పోయొచ్చి, మధ్యాహ్నం భోజనం చేసి ఇంట్లోనే ఉండిపోయేవాడు. చెడ్డవాడైనా నాకు బాగుండేది, లోలోపల తిట్టుకుంటూ కాలం గడిపేదాన్ని. ఆయనేమో దారిలో ఉడికించిన చెనక్కాయలు కనిపిస్తే పొట్లం కట్టించుకొచ్చి అత్త చేతికిచ్చి, "ఆ పాపకు ఇష్టం గదా" అని గోడకేసి చూస్తూ అనేవాడు. ఆ పాపను నేనే. వంటింటి గడప దగ్గర నిలబడి అంతా వింటూనే ఉండేదాన్ని. ఇంత ప్రేమ ఉన్న మనిషికి నా ముఖం చూసి ఒక్క మాట అనడానికి ఏం అడ్డమో నాకు అర్థమయ్యేది కాదు.

అత్త ఇంట్లో ఉన్నన్నాళ్ళు ఈ ఏర్పాటు బాగానే నడిచింది. మా ఆడపడుచును ధర్మవరంలోనే ఇచ్చారు. రెండో కాన్పుకు ప్రయాణం వద్దని డాక్టరమ్మ గట్టిగా చెప్పడంతో, కూతురు పుట్టింటికి రావడం మాని తల్లే కూతురింటికి పోయింది. మా ఊరికి ఆమె పోయింది, ఆమె ఊళ్ళో నేను మిగిలాను. మా ఆయన పెనుకొండ దగ్గర కార్ల విడిభాగాల ఫ్యాక్టరీలో పనిచేస్తాడు. పొద్దున షిఫ్టు బస్సెక్కితే మళ్ళీ చీకటి పడ్డాకే. ఇక పగలంతా హాల్లో మామ, వంటింట్లో నేను, మధ్యలో గోడ.

సాయంత్రం కాఫీ మామకు ఒక వేళకు తాగే అలవాటు లేదు. మనసైనప్పుడు అడుగుతాడు, అడిగినప్పుడే పెట్టాలి. అత్త పోయిన మర్నాడు నేను వంటింట్లో చిక్కుడుకాయలు ఒలుస్తున్నాను. హాల్లో పడక్కుర్చీ కిర్రుమంది. మామ దగ్గాడు. కాసేపాగి మళ్ళీ దగ్గాడు. ఆ తర్వాత ఫోనులో ఎవరితోనో మాట్లాడటం వినిపించింది. ఆయన ఫోను పెట్టేశాడో లేదో, నా ఫోను మోగింది. అత్త.

"ఏమ్మే, మీ మామ కాఫీ కావాలంటాండాడు."

"వింటినత్తా."

"వింటే పెట్టకూడదా?"

"నాకు చెప్పలేదు గదా."

"బాగుండారు ఇద్దరూ," అని అత్త ఫోను పెట్టేసింది. మా హాలుకూ వంటింటికీ మధ్య ఉన్నది ఒక్క గోడ. ఆ గోడ దాటడానికి మాట పెనుకొండ మీదుగా ధర్మవరం దాకా పోయి, మళ్ళీ పెనుకొండ మీదుగా వెనక్కి రావలసి వచ్చింది. ఆ రోజు నుంచి కూరలో ఉప్పు తక్కువైన సంగతీ, గ్యాసు అయిపోయిన సంగతీ అన్నీ అదే దారిన తిరిగేవి.

ఆ నెలలోనే పెనుకొండ నుంచి నాకు కబురొచ్చింది. కాలేజీలో నాతో బాస్కెట్‌బాల్ ఆడిన స్నేహితురాలు ఆ ఊళ్ళో ఒక ఆడపిల్లల బడిలో లెక్కలు చెప్తుంది. ఆటల టీచరు కావాలంటే నీ సంగతి చెప్పాను అంది. హెడ్‌మాస్టరమ్మ కూడా ఫోను తీసుకుని మాట్లాడింది. గ్రౌండులో రింగు ఉంది, బంతులు ఉన్నాయి, నేర్పేవాళ్ళు లేక పిల్లలు వాటితో ఏడుపెంకులాట ఆడుకుంటున్నారు, వచ్చే నెలాఖరులోగా ఏ సంగతో చెప్పమ్మా, ఆపైన ఆగలేను అంది. పొద్దున రైలెక్కితే పెనుకొండ, సాయంత్రం రైలుకు మళ్ళీ హిందూపురం. ఫోను పెట్టేశాక చాలాసేపు నా అరచేతులు చూసుకుంటూ కూర్చున్నాను. పెళ్ళయ్యాక వాటితో బంతి పట్టలేదు. ఆ ఉద్యోగం నాకు కావాలి. అంతగా నేను ఇంకేదీ కోరుకోలేదు.

మా ఆయనతో చెప్పాను.

"నాకేం, పో. నాయనకు చెప్పాల గదా మరి. అమ్మ వచ్చినాక అమ్మతో చెప్పిద్దాం."

"నువ్వే చెప్పొచ్చు గదా?"

"నేనా?" అన్నాడు, బావిలో దూకమన్నట్టు చూస్తూ. "బండి కొనుక్కోవడానిక్కూడా అమ్మతోనే అడిగిస్తి."

అత్తకు ఫోను చేశాను. ఆమె అంతా విని, "కాఫీ అయితే ఫోనులో చెప్తా గానీ, ఇట్లాంటివి ఎదురుగా కూచోని మొగం చూసి చెప్పాలమ్మే. బాలింతను ఇడిచిపెట్టి యాడ వచ్చేది? నేనొచ్చినాక చూద్దాంలే" అంది. ఆమె వచ్చేది మూడో నెలకు. అప్పటికి పెనుకొండ పిల్లలకు ఇంకెవరో టీచరు వచ్చేసి ఉంటుంది. మిగిలిన దారి ఒక్కటే, నేనే హాల్లోకి పోయి అడగడం. మామ తిట్టడు, ఆ సంగతి తెలుసు. అవునంటాడో కాదంటాడో తెలియదు. అసలు మొదటి మాట ఎట్లా మొదలుపెట్టాలో అది అంతకన్నా తెలియదు. వంటింటి గడప దాకా పోయి, ఏదో మరిచిపోయినట్టు వెనక్కి వచ్చేదాన్ని.

మనసు ఊరుకోక ఆటలో పడ్డాను. మండీలో కొత్త కంప్యూటరు కొన్నాక పాతది మా హాల్లో ఒక మూలకు చేరింది. దాంట్లో నేను ఇంటర్నెట్‌లో ఒక బాస్కెట్‌బాల్ ఆట ఆడేదాన్ని. ఆడేదాన్ని అంటే, అందులో మనం బంతి వేసేది ఏమీ ఉండదు. మనకొక జట్టు ఇస్తారు. ఎవరిని ఆడించాలి, ఎవరిని కూర్చోబెట్టాలి, ఈ వారం జట్టుకు ఏం నేర్పాలి, ఇవన్నీ మనం చెప్పాలి. మ్యాచి దానంతటదే జరుగుతుంది, ఏం జరిగిందో ఒక్కొక్క వాక్యంగా తెర మీదికి వస్తుంది. దేశదేశాల వాళ్ళు ఇట్లా లేని ఆటగాళ్ళను పెంచుకుంటూ ఉంటారు. బంతి లేదు, చెమట లేదు, ఇదేం ఆట అని మొదట్లో నాకు ఏడుపొచ్చింది. తర్వాత వాళ్ళే నా పిల్లలైపోయారు.

అందులో ఒకడు నాకు ముద్దు. ఇంటిపేరు ఒక రాష్ట్రానిది, పేరు ఇంకో రాష్ట్రానిది అంటగట్టి ఆ ఆటే వాణ్ణి పుట్టించింది. నేను వాణ్ణి పొడుగోడు అనేదాన్ని. రింగు కింద వాడి చేతికి అందని బంతి లేదు. వచ్చిన చిక్కల్లా ఫ్రీ త్రోలతోనే, పది వేస్తే సగం కూడా పడవు. ఎదుటి జట్లు అది కనిపెట్టేశాయి. వాడి చేతికి బంతి వస్తే చాలు, మీద పడి ఫౌల్ చేసేవాళ్ళు. పాపం వాడు గీత దగ్గర నిలబడి వేసేవాడు, పోగొట్టేవాడు.

ఆ ఆటలో ఆరితేరిన వాళ్ళు మాట్లాడుకునే చోట సలహా అడిగితే అందరూ నవ్వారు. వారానికి ఒక్కటే ప్రాక్టీసు, దాన్ని ఫ్రీ త్రోల మీద పెట్టేది తెలివితక్కువ పని, వాడికి రీబౌండ్లు, అంటే రింగుకు తగిలి వెనక్కొచ్చే బంతుల్ని అందుకోవడం, నేర్పుకో అన్నారు. సరేనని రీబౌండ్లు పెట్టాను. మర్నాడు చూస్తే అది ఫ్రీ త్రోలుగా మారి ఉంది. నేనే పొరపాటు చేశానేమోనని మళ్ళీ మార్చాను. మళ్ళీ ఫ్రీ త్రోలు. మా ఆయన పనేమో అనుకుందామంటే ఆయనకు ఆ కంప్యూటరు ఎక్కడ వెలిగించాలో కూడా తెలియదు. అప్పుడు కనిపించింది, కీబోర్డు పక్కన మామ కళ్ళజోడు.

నేను మిద్దె మీద బట్టలు ఆరేసుకుంటున్నప్పుడు ఆయన ఆ కుర్చీలో కూర్చుని నా జట్టును చూస్తున్నాడన్నమాట. బీకాం చదివినాయన, తీరిగ్గా కూడబలుక్కుంటే ఇంగ్లీషు వస్తుంది. నాకు కోపం రావాలి. నా సొంతమని ఆ ఇంట్లో ఉన్నది ఆ ఒక్క జట్టు. కానీ నవ్వొచ్చింది. ఆ సాయంత్రమే అత్త ఫోను చేసింది.

"ఏమ్మే, మీ మామ అడుగుతాండాడు. ఆ ఫ్రీ త్రో అంటే ఏంది?"

"అవతలోడు తప్పు చేస్తే మనోడికి ఇస్తారత్తా. గీత దగ్గర నిలబడి వేయాల. ఎవురూ అడ్డం రాకూడదు."

ఆమె ఫోను పెట్టేసింది. గోడ అవతల మామ ఫోను మోగింది. కాసేపటికి మళ్ళీ నా ఫోను.

"ఎవురూ అడ్డం లేకపోయినా వేయలేనోడు ఇంగేం ఆటగాడు అంటాండాడు. అదే ముందు నేర్పించమంటాండాడు."

నాకు చర్రున వచ్చింది. గీత దగ్గర నిలబడి వేసినదాన్ని నేను. "ఎవురూ అడ్డం లేనప్పుడే కష్టమత్తా. ఆట ఆగిపోతాది. అందురూ మననే చూస్తాంటారు. అప్పుడే చెయ్యి వణికేది. పో, చెప్పు మీ ఆయనకు," అన్నాను.

అత్త ఏం చెప్పిందో, గోడ అవతల మామ లేచి హాల్లో అటూ ఇటూ నడుస్తున్న చప్పుడు వినిపించింది.

ఆ తర్వాత కొన్ని వారాలు మా ఇద్దరి మధ్య మాటల్లేని కొట్లాట జరిగింది. నేను రీబౌండ్లు పెడతాను, ఆయన ఫ్రీ త్రోలు పెడతాడు. ఆ ఆటలో శుక్రవారం పొద్దున పదకొండు ప్రాంతంలో ఏది ఉంటే ఆ వారం జట్టుకు అదే నేర్పినట్టు. ఒక శుక్రవారం మామ పూజ ముగించి, నుదుట విభూతితో కంప్యూటరు ముందు కూర్చున్నాడు. వంటింటి తలుపు సందులోంచి నేను చూస్తూనే ఉన్నాను. ఆయన గడియారం చూశాడు. పదిన్నర దాటింది. రాహుకాలం మొదలైపోయింది. మండీలో ఆ వేళప్పుడు చింతపండు బస్తాకు తాడు కూడా కట్టనివ్వడు. మౌస్ మీద చెయ్యి పెట్టుకుని, నొక్కకుండా, పన్నెండు కొట్టేదాకా అట్లాగే కూర్చున్నాడు. పన్నెండు కాగానే నొక్కాడు. అప్పటికి ఆ వారం ప్రాక్టీసు రీబౌండ్లతో అయిపోయింది.

"ఆ కంప్యూటరోల్లకు రాహుకాలం తెలీదా అని అడుగుతాండాడు," అంది అత్త ఫోనులో.

"వాళ్ళ దేశంలో అది రాత్రత్తా."

"ఓ. రాత్రయితే సరేలే అంటాండాడు," అని కాసేపటికి మళ్ళీ కబురొచ్చింది.

సరేలే అన్నాడు గానీ, బస్సు తప్పిపోయినవాడిలా ఆయన పన్నెండింటికి కుర్చీలోంచి లేచిన తీరు నా కళ్ళ ముందునుంచి పోలేదు. నాకు ఆయన మీద జాలేసింది, ప్రేమ పుట్టుకొచ్చింది. నలుగురి మీద కేకలేసి సరుకు దింపించే మనిషి, కోడలి జట్టులో ఒక లేని పిల్లోడి కోసం గంటన్నర కదలకుండా కూర్చున్నాడు. ఆ వచ్చే గురువారం సాయంత్రం నేనే ఫ్రీ త్రోలు పెట్టేశాను.

"ఎవురు మార్చినారని అడుగుతాండాడు మీ మామ."

"పొడుగోడే వచ్చి అడిగినాడని చెప్పత్తా."

గోడ అవతల నవ్వు వినిపించింది. ఆ ఇంటికి వచ్చాక మామ నవ్వడం వినడం అదే మొదటిసారి. మర్నాడు చెనక్కాయల పొట్లం కీబోర్డు పక్కన ఉంది. అత్త చేతి మీదుగా కాకుండా నాకు చేరిన మొదటి వస్తువు అది. నేను ఆయన కళ్ళజోడు తుడిచి అదే చోట పెట్టాను. ఆపైన రోజూ ఇదే వరస. పొడుగోడు మెల్లమెల్లగా బాగుపడ్డాడు. వేసిన వాటిలో సగానికి పైగా పడసాగాయి. ఆ ఆటలో వాళ్ళు నవ్వుతూనే ఉన్నారు, మేమిద్దరం ఫ్రీ త్రోలు నేర్పిస్తూనే ఉన్నాం. పెనుకొండ సంగతి మాత్రం నా గొంతు దాటలేదు. నెలాఖరు దగ్గర పడింది. సోమవారం హెడ్‌మాస్టరమ్మకు ఏదో ఒకటి చెప్పాలి.

దానికి ముందు శనివారం సాయంత్రం మా లీగులో ఫైనల్ వచ్చింది. దీపం పెట్టి కంప్యూటరు ముందు కూర్చున్నాను. మ్యాచి మొదలయ్యే వేళకు గుమ్మం దగ్గర దగ్గు వినిపించింది. నేను లేవాలి. లేవలేదు. పొడుగోణ్ణి వదిలిపెట్టి పోవడానికి మనసు రాలేదు. మామ ఇంకోసారి దగ్గాడు. నేను తెరకేసి చూస్తూ అట్లాగే ఉండిపోయాను. కాసేపటికి పడక్కుర్చీ ఈడ్చుకుంటున్న చప్పుడు. నా వెనకగా, కొంచెం పక్కకు వేసుకుని కూర్చున్నాడు.

వాక్యాలు ఒక్కొక్కటే వస్తున్నాయి. మాది పైచేయి, వాళ్ళది పైచేయి, మళ్ళీ మాది. వెనక మామ ఊపిరి వినిపిస్తోంది. చివరికి మేం ఒక్క పాయింటు వెనక ఉన్నాం, ఆఖరి సెకను నడుస్తోంది, రింగు కింద పొడుగోడి మీద ఎవడో పడ్డాడు. ఫౌల్. రెండు ఫ్రీ త్రోలు. రెండూ పడితే మేమే గెలిచినట్టు. మొదటిది పడింది అని వచ్చింది. స్కోరు సమం. వెనక కుర్చీ కిర్రుమంది. తర్వాతి వాక్యం రావడానికి ఎంతసేపు పట్టిందో, నాకైతే రైలు ఏ స్టేషనూ లేని చోట ఆగిపోయినట్టుంది.

రెండోది పడలేదు.

"ఎవురడ్డమొచ్చినారురా నీకు!" మామ కుర్చీలోంచి లేచి తెరకేసి అరిచాడు. "ఇన్ని వారాలు నేర్పిస్తిమే! ఎదురుగా ఒక్కడన్నా ఉండాడా? ఏమి రోగం నీకు?"

"వాణ్ణేమీ అనొద్దు మామా!" అన్నాను. "ఆట నిలిపేసి అందురూ చూస్తాంటే చెయ్యి వణకదా?"

అనేశాక తెలిసింది నేను ఎవరితో మాట్లాడానో. ఇద్దరం బిగుసుకుపోయాం. తెర మీద ఎక్స్‌ట్రా టైము మొదలై వాక్యాలు వస్తూనే ఉన్నాయి, వాటిని ఎవరూ చదవలేదు. నేను మెల్లగా తిరిగి చూశాను. మామ గోడకేసి చూడటం లేదు. నన్నే చూస్తున్నాడు.

"ఎవురూ అడ్డం లేనప్పుడే కష్టమంటివంట గదా," అన్నాడు, గొంతు బాగా తగ్గించి. "మీ అత్త చెప్పె. అప్పటినుంచీ అదే అనుకుంటాండా. నీకు మాత్రం ఈడ ఎవురడ్డముండారమ్మా? అడుగు."

నా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. పెనుకొండ అన్నాను, బడి అన్నాను, పిల్లలు బంతులతో ఏడుపెంకులాట ఆడుతున్నారన్నాను, ముందుది వెనక, వెనకది ముందు, నోటికొచ్చినట్టు చెప్పాను. అంతా విని ఆయన అడిగింది ఒక్కటే.

"పొద్దున రైలు ఎన్నింటికి?"

"ఎనిమిదికి మామా."

"అట్లయితే వంటకు ఎవురినన్నా చూద్దాంలే. నువ్వు ఉరుకులు పరుగులు పెట్టొద్దు."

ఆయన ఏ మాత్రం ఆశ్చర్యపోలేదని అప్పుడు నాకు తట్టింది. "ముందే తెలుసా?" అన్నాను.

"మీ అత్తకు మాట కడుపులో నిలుస్తాదా? ఫోనులో చెప్పకూడదంటానే ఆ పొద్దే ఫోనులో చెప్పేసె. నువ్వు అడుగుతావని చూస్తాంటి."

నా కోపం నెత్తికెక్కింది. ఇన్ని వారాలు గడప దాకా పోయి వెనక్కి వచ్చిన రోజులన్నీ గుర్తొచ్చాయి. "మరి తెలిసినప్పుడు పొమ్మని ఒక్క మాట అనకూడదా మామా? ఈ గోడ అవతలే గదా నేనుండేది?"

మామ కళ్ళజోడు తీసి పంచె అంచుతో తుడుచుకున్నాడు. తుడిచిందే మళ్ళీ తుడిచాడు.

"నాకు మాత్రం వణకదా అమ్మా?" అన్నాడు.

ఇంక నాకు తిట్టడానికి ఏమీ మిగల్లేదు. తెర కేసి చూస్తే ఎక్స్‌ట్రా టైములో మేం ఓడిపోయి ఉన్నాం. పొడుగోడు ఆ టైములో ఇంకా ఫ్రీ త్రోలు వేశాడు, అన్నీ పడ్డాయి. మామ అది వేలు పెట్టి చూపించి, "చూడు, భయం పోయినాక," అన్నాడు. వచ్చే వారం వాడికి ఇంకేదైనా నేర్పుదామా అని అడిగితే, వద్దు, ఇదే కానీ అన్నాడు. అని పడక్కుర్చీ తన చోటుకు లాక్కుని కూర్చుని, చేతులు మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు. ఒకసారి దగ్గబోయి ఆగిపోయాడు.

"కాఫీ పెట్టమ్మా."

పెట్టి ఇచ్చాను. రోజూలా బల్ల మీద పెట్టి వెనక్కి రాలేదు, ఆయన చేతికే ఇచ్చాను. వంటింట్లోకి వచ్చానో లేదో నా ఫోను మోగింది.

"ఏమ్మే, పొద్దు మునిగిపాయె, మీ మామ కాఫీ అడగనే లేదు. ఒళ్ళు బాగుండాదా మనిషికి?"

"తాగుతాండాడత్తా. నన్నే అడిగినాడు."

అవతల చంటిపాప ఏడుస్తోంది, అత్త దాన్ని ఊరుకోబెట్టడం కూడా మరిచిపోయింది.

"ఏమని అడిగినాడు?"

"కాఫీ పెట్టమ్మా, అని."

అత్త నవ్వింది. నవ్వు మధ్యలో ముక్కు ఎగబీల్చింది. "అయితే నా ఉద్యోగం పోయినట్టే గదమ్మే," అంది.

"నాకొచ్చిందత్తా," అన్నాను.

ఆమె ఏదో అనబోతుండగానే హాల్లోంచి మామ, చక్కెర చాలలేదమ్మా అని గట్టిగా కేకేశాడు. ఆ కేక ధర్మవరంలో అత్తకు కూడా వినిపించింది.